పసుపు బాయిలర్ల జొన్న గట్క

భూమేశ్వర్ సేటుకు కోపమొస్తె ఆర్మూర్ యార్డుల కుప్పలువోసిన పసుపు కొమ్ములు గూడ జర పక్కకు జరుగుతయని మా ఏర్గట్ల రైతులం నవ్వుకుంటం. ఆయనది అడ్తి దుకాణం, రైతుల పంట కమీషన్‌కు అమ్మిపెడుతడు. నా పసుపు ఏటేటా ఆయన కాడనే దించుత. మనిషి మంచోడే, తూకంల మోసం లేదు, గని నోరు లేస్తె ఆగదు. గా నోట్లె సగం కోపం, సగం కోతలు.

గా రోజు పగటీలి యార్డు గేటు ముంగట శంకరమ్మ హోటల్ల కూసున్నం. హోటలంటె నాలుగు రేకులు, రెండు బెంచీలు, ఒక గ్యాసు పొయ్యి. శంకరమ్మ ఒక్కతే చాయ్ పోస్తది, మిర్చి బజ్జీలేస్తది, గ్లాసులు కడుగుతది. నా పక్కన ముప్కాల్ రాజేశ్ ఉన్నడు. పసుపు ఉడుకబెట్టె బాయిలర్‌ను ట్రాక్టర్‌కు తగిలిచ్చుకొని సీజనంత ఊరూరు తిరుగుతడు. ఆకలి మీదున్నడేమో, వచ్చుడు వచ్చుడే నాలుగు మిర్చీలు పెట్టుమన్నడు. ఎదురు బెంచి మీద సేటు. ఆయన ఒక కాలుకు చెప్పున్నది, ఇంకో కాలుకు వదులుగున్న బట్టబూటున్నది. గా బూటు కాలును బెంచి కిందికి ముడుసుకున్నడు. గింత ఎండల బూటెందుకో అనుకున్న గని అడుగలే.

రాజేశ్ మిర్చి నోటి దాంక తెచ్చిండో లేదో, సేటు లేసిండు.

"పెట్టు కింద! పెట్టంటున్న! నీ వయసెంత? ముప్పై దాటినయా? గిప్పుడే కడుపొచ్చి స్టీరింగుకు తగులుతున్నది. పొద్దుగాల చాయ్‌ల బన్ను, పగటికి మిర్చీలు, మాపటికి ఏ బండి కాడనో నూడుల్సు. గది కడుపా, మురికి కాలువనా? మీ అసుంటోళ్లను సూస్తుంటె నాకు నెత్తురు మసులుతది!"

"ఏం జెయ్యాలె సేటూ," అన్నడు రాజేశ్ మిర్చి పట్టుకొనే. "బాయిలర్ నడుస్తుంటె వండుకునే టైమేడుంటది?"

"టైమ్! అగో, అనే అన్నడు! గా మాట ఇంటె నాకు అరికాలి మంట నెత్తికెక్కుతది. ఎవ్వన్ని అడుగు, టైమ్ లేదు. హమాలీకి టైమ్ లేదు, మాస్టరుకు టైమ్ లేదు, ఇంట్ల కూసున్న ముసలోనికి గూడ టైమ్ లేదు. మరి ఫోన్ల గా పిల్లలు ఎగురుతుంటె సూస్తరు గదా, గది ఎవ్వల టైమ్? మీ తాత టైమా? రాజేశ్, నువ్వు గీ బెంచి మీద కూసున్న సంది ఫోన్ల ఎన్ని బొమ్మలు జరిపినవో నేను సూడలేదనుకున్నవా? గా బొమ్మలు జరిపేటంతల రొట్టె కాలుతుండె, పప్పు ఉడుకుతుండె! సిగ్గుండాలె మనిషికి. టైమ్ లేనోళ్ల కోసమనే నేను ఒక ఉపాయం కనిపెట్టిన. పోయిన సీజన్ల. మీకెవ్వలికి ఎరికలేదు, ఎందుకంటె నేను చెప్పుకునేటోన్ని కాదు."

నేను నవ్వు ఆపుకొని చాయ్ గ్లాసు చేతులకు తీసుకున్న. శంకరమ్మ మా దిక్కు సూడలే. మిర్చీలు తిర్లేసుకుంట నిలవడ్డది.

"ఇనుండ్రి మరి. పోయిన సీజన్ల నాకెంత పనో మీరే సూసిండ్రు. లారీలు దిగుడు, వేలం, తూకం, మల్ల లారీలు ఎక్కుడు. తిండి లేదు, తిప్పలు లేదు. గప్పుడు మా కోడలు దివ్యశ్రీని పిలిచిన. ఆమె బ్యాంకుల పనిజేస్తది, పొద్దుగాలనే నిజామాబాద్ బస్సుకు ఉరుకుతది, ఆమెకు గూడ గడియ తీరదు. 'బిడ్డా, నీ వంట అల్కగయ్యే తొవ్వ చెప్త, ఇను' అన్న. ఐతారం నాడు పెసర్లు నానవోసి మొలకలు కట్టు. తోటకూర, పాలకూర ఏరి కడిగి బట్టల సుట్టి ఫ్రిజ్జుల పెట్టు. పొద్దుగాల లేస్తె కోసుడు లేదు, ఏరుడు లేదు. కుక్కర్ల ఒక్కసారే రెండు గిన్నెలు, పప్పుకొకటి కూరకొకటి, ఇటు పెనం మీద జొన్నరొట్టె. ఇగ టిఫిన్ డబ్బల సగం కూర, మిగిలిన సగంల ఒక పక్క పప్పు, ఒక పక్క రొట్టె. తూచుడు లేదు, పుస్తకాలు సదువుడు లేదు. మూత తీసి కండ్లతోని సూస్తె సాలు, సరిగున్నదా లేదా తెలుస్తది. గంతే! గింత సులువు ముచ్చటకు మీరు దవాఖానల పొంటి తిరుగుతరు, థూ!"

"గా ఉపాయం నువ్వే చెప్పినవా సేటూ?" అన్నది శంకరమ్మ. తల ఎత్తలే.

"నేను గాకపోతె నీ మొగడు చెప్పిండా? అడ్డం రాకు, నా కోపం సంగతి నీకు ఎరికే! ఆ, ఏడున్న? డబ్బ తెచ్చుకొని నా దుకాణం ముంగట మూత తీసిన. వాసనకు యార్డంత లేసొచ్చింది. వేలం పాడేటోడు పాట మధ్యల ఆపిండు. హమాలీలు బస్తాలు నెత్తిమీదనే పెట్టుకొని నా సుట్టు మూగిండ్రు. 'సేటూ, మాకు గూడ, సేటూ, మాకు గూడ!' నాకు కోపం రాదా? వస్తది. మీకు ఇండ్లు లేవా, పొయ్యిలు లేవా అని తిట్టిన. మల్ల జాలైంది. గంత మందికి నా కోడలు కుక్కర్ సరిపోతదా? సరిపోదు. గప్పుడు నా కన్ను దేని మీద పడ్డదో ఎరికేనా?"

"దేని మీద?"

"బాయిలర్ మీద! నాలుగు డ్రమ్ముల బాయిలర్. కిందికెళ్లి ఆవిరి వస్తె పసుపు కొమ్ములే మెత్తగయితయి, ఇగ జొన్న రవ్వ ఎంత? ఒక డ్రమ్ముల జొన్న గట్క, ఒక డ్రమ్ముల పెసరపప్పు, ఒకదాంట్ల తోటకూర, ఒకదాంట్ల పుంటికూర. మూతలు బిగిచ్చిన, ఆవిరి ఇడిసిన. నువ్వు ఫోన్ల బొమ్మ జరిపేటంతల ఉడికింది!"

"ఎవ్వని బాయిలర్ సేటూ?" అన్నడు రాజేశ్.

"నీదే!"

"నాకు తెల్వకుండనా?"

"నువ్వు ఈడ కూసోని మిర్చీలు మింగుతుంటివి, నీకేం తెలుస్తది? నీ ట్రాక్టర్ ఎత్తుకపోయినా నీకు తెల్వదు! నాతోని తిట్టిచ్చుకోకు, నా నోరు మంచిది కాదు. ఆ, ఉడికింది గని ఒక్క తప్పయ్యింది. తప్పంటె నాది కాదు, మీదే. పసుపు ఉడికిన డ్రమ్ములు కడుగుకుంట పెడితె ఏం పోయింది మీకు? కడుగని డ్రమ్ముల వండిన. గా తర్వాత ఏమైందో ఎరికేనా? గట్క పచ్చగ, పప్పు పచ్చగ, తిన్నోళ్లందరు పచ్చగ! గోర్లు, పండ్లు, మీసాలు, అన్నీ పచ్చగయినయి. ఒక హమాలీ పొద్దుమీకి ఇంటికి పోతె, మనిషంత పసుపు సూసి 'ఎవ్వతెను పెండ్లి జేసుకొని వచ్చినవ్‌రా' అని పెండ్లాం చీపురు తీసింది. వాడు నా కాడికి ఉరికొచ్చిండు. ఒక్కడా? సగం ఆర్మూర్ ఆడోళ్లు చీపుర్లు పట్టుకొని నా దుకాణం ముంగట నిలవడ్డరు. 'మా మొగోళ్లకు మల్ల పెండ్లిళ్లు జేసింది నువ్వేనా' అని! నేను బయపడుతనా? గంటె పట్టుకొని ఒక్కొక్కలకు గింత గట్క నోట్లె పెట్టిన. వాళ్లు గూడ పచ్చగయిండ్రు. ఇగ ఎవ్వలు ఎవ్వల్ని తిట్టాలె?"

నేను చాయ్ గుటక మింగలేక దగ్గిన. రాజేశ్ రెండో మిర్చి అందుకుంటుంటె సేటు సూసి చెయ్యి మీద ఒక్కటేసి, నా దిక్కు తిరిగిండు.

"నగుతున్నవా పటేలా? నగు. దవాఖానోళ్లు గూడ ముందుగాల గట్లనే నగిండ్రు. పచ్చకామెర్లొచ్చినయని జీపులేసుకొని వచ్చి, సూదులు పొడిచి రక్తం తీసిండ్రు. గా రక్తంల ఏముంది? రోగం లేదు! బీపీ లేదు, షుగర్ లేదు. షుగర్ మిషన్ మీద సున్న వచ్చింది!"

"సున్నొస్తె మనిషి సస్తడు గదా సేటూ," అన్నడు రాజేశ్.

"నీ అసుంటోడు సస్తడు! జొన్న గట్క తిన్నోడు ఎందుకు సస్తడు? సిరికొండ ముత్తెమ్మ లేదా, కట్టె లేంది అడుగు వెయ్యకపోతుండె. గట్క నోట్లె పడంగనే కట్టెను ఇసిరికొట్టింది. గా కట్టె పోయి సిద్ధుల గుట్ట మీద పడ్డది. 'అయ్యో, నా మొగడు చెక్కిచ్చిన కట్టె' అని గుట్టెక్కి తెచ్చుకున్నది. దిగినంక మంచిగనిపిచ్చి మల్ల ఇసిరింది, మల్ల ఎక్కింది. ఇగ సాలు దిగవే అని పోలీసోళ్లు మైకుల బతిలాడిండ్రు!"

"గట్కల ఉప్పేసినవా సేటూ?" అన్నది శంకరమ్మ. గిసారి మా దిక్కు తిరిగింది. చేతుల జల్లిగంటె ఉన్నది, నూనె కారుతున్నది.

"ఏసిన, సముద్రమంత ఏసిన! నీకెందుకే ఉప్పు ముచ్చట? చాయ్ పొయ్యి. సముద్రమంత అంటె గంత కాదు, సరిపడ. నన్ను తికమక పెట్టకు."

ఆమె చాయ్ పోసింది. గ్లాసు పెట్టిన జోరుకు సగం చాయ్ బెంచి మీద పడ్డది. సేటు సూడలే. ముచ్చట మీద ఉన్నోనికి ఏం కనవడుతది!

"ఇగ ఊర్లు కదిలినయి. ముప్కాల్ కెళ్లి, ఏర్గట్ల కెళ్లి, సిరికొండ కెళ్లి ట్రాక్టర్ల మీద వచ్చుడు. రొట్టెలు కావాలంటరు. గంత పిండి ఎవ్వలు పిసుకుతరు? పసుపు పాలిష్ వట్టె డ్రమ్ము లేదా, గుండ్రంగ తిరిగేది? దాంట్ల జొన్నపిండి వోసి, ఉడుకు నీళ్లు వోసి తిప్పిన. పిండి ముద్ద ఏనుగంత అయింది. పెనం ఏదీ? యార్డు రేకులే పెనం! ఆర్మూర్ ఎండకు రేకులు కాలుతుంటయి గదా. హమాలీలు పైకెక్కి రొట్టెలు పరుసుడు, నేను కిందికెళ్లి వెదురుబొంగుతోని తిర్లేసుడు. కాలినయి మంచిగ, మచ్చలు పడి! పంచుదామంటె ఎవ్వడు ఆగడు. టైమ్ లేదు గదా మారాజులకు! హైవే మీద బస్సులు ఉరుకుతయి, లారీలు ఉరుకుతయి. నాకు మండింది. ఆగరా? ఆగకుండ్రి! రోడ్డు పక్కన నిలవడి రొట్టెలు ఇసురవట్టిన. ఇసిరిందిసిరినట్టు కిటికీలకెళ్లి పోయి నోట్లె పడుడే. ఒక బస్సు డ్రైవర్ వద్దని అద్దం మూసిండు. మూస్తవా? నా రొట్టెకు అద్దం మూస్తవా? గా రొట్టె బస్సు ఎనుకకు తిరిగి, పొగ గొట్టంల దూరి, ఇంజను కిందికెళ్లి వచ్చి వాని ఒళ్లె పడ్డది! ఉడుకుడుకుగ! వాడు నాగపూర్ పోయేదాంక నమలుకుంట ఏడ్సిండంట, అమ్మ యాదికొచ్చిందని."

"మరి పప్పెట్ల ఇసిరినవ్ సేటూ?" అన్న నేను.

"పప్పు రొట్టె మీదనే ఉన్నది పటేలా! గాలి జోరుకు కారలే! జర మెదడు వాడాలె. గా తర్వాత ఏమైందో ఎరికేనా? దవాఖాన్లు ఖాళీ. మంచాలు ఖాళీ, కుర్సీలు ఖాళీ. మందుల దుకాణాలోళ్లు గోలీలు పారవోసి పుంటికూర కట్టలు అమ్మవట్టిండ్రు. డాక్టర్లు రికామిగ నా దుకాణం ముంగట వరుస కట్టిండ్రు. ఒక డాక్టర్ ఉన్నడు. వాన్ని యాదిచేసుకుంటేనే నాకు ఒళ్లు మండుతది. నన్ను బల్ల మీద పండవెట్టి, టార్చి లైటు కొట్టి సూసి, జర గూడ బాధ లేకుంట 'సేటూ, గిట్లనే ఉంటె వేలు తీయాలె' అన్నడు. వేలంట! దొండకాయ తెంపినట్టు! గా డాక్టర్..."

"ఎవ్వల వేలు సేటూ?" అన్న.

సేటు ఆగిండు. ఆయన మొకంల ఏందో వచ్చి పోయింది. మల్ల ఒక్కసారి బెంచి మీద గుద్దిండు.

"ఎవ్వలదో! ఎవ్వనిదో వేలు! ముచ్చట నడుస్తుంటె గుంతలు తవ్వకు పటేలా! వచ్చి నా కాళ్లు మొక్కిండు గా డాక్టర్, నాకు బాయిలర్ మీద నౌకరి ఇయ్యుమని. పో, డ్రమ్ములు కడుగుపో అన్న. ఇగ గప్పుడు నేను కూసోని సోచాయించిన. గింత జేస్తున్న గని ఇంక మందికి అందుతలేదు. పొలంల నాటేసేటోళ్లు ఉన్నరు, చెయ్యి కడుక్కునే తీరిక లేదు వాళ్లకు. ఏం జెయ్యాలె? నీళ్లు ఎట్ల పోతయి పొలంలకు? కాలువల పోతయి. మరి కాలువల..."

"సేటూ, వద్దు," అన్నడు రాజేశ్ చేతులు జోడిచ్చి.

"అంబలి!" అని ఒర్లిండు సేటు. "పోచంపాడ్ ప్రాజెక్టు నిండ అంబలి! ఎన్ని లారీల జొన్నపిండి వట్టిందో అడుగకు. అడ్తి దుకాణాలు అన్నీ బంద్ వెట్టిచ్చి, పసుపు లారీలన్నీ మళ్లిచ్చి కట్ట మీదికెళ్లి గుమ్మరిచ్చిన. ఊరూరి బర్లను పిండి సల్ల వోసిన. ఉల్లిగడ్డలు ట్రాక్టర్లతోని తొక్కిచ్చి ఏసిన. కలుపుతందుకు తెడ్డు ఏదీ? కరెంటు స్తంభం పీకిన! తిప్పిన, తిప్పిన. ఒక ఆఫీసర్ వచ్చి 'ఎవ్వనిని అడిగి కలుపుతున్నవ్' అంటడు. నీకు షుగరున్నదా అన్న. ఉన్నదన్నడు. నోరు తెరువు అన్న, ఒక్క గుక్క తాగిచ్చిన. కండ్లద్దాలు తీసి పారేసి ఆయనే గేట్లెత్తిండు! అంబలి దుంకింది సూడు, తెల్లగ, సల్లగ, మబ్బులదాంక తుంపర్లు! చేపలు గూడ సన్నవడ్డయి. గా చేపలు పట్టెటోళ్లు తూకం తక్కువొస్తుందని నన్ను తిట్టిండ్రు. తిడుతరు! మంచి జేస్తె తిట్టుడే మన జనం పని!"

ఆయన లేసి నిలవడ్డడు. నోటికెళ్లి తుంపర్లు పడుతున్నయి. మెడ నరాలు ఉబ్బినయి. నవ్వుదామనుకున్న గని గా కోపం సూస్తుంటె నవ్వు రాలే. ఎవ్వల మీది కోపమో అది, మా మీదిది మాత్రం కాదనిపిచ్చింది.

"గేట్లెత్తినంక అంబలి వస్తున్నదని ఊర్లకు చెప్పాలె గదా? ఎవ్వలు చెప్తరు? అందరికీ టైమ్ లేకపాయె! నేను ఉరికిన. కాలువ కట్ట పొంటి, అంబలి కంటె ముందుగాల, 'చెంబులు పట్టుండ్రి, గిన్నెలు పట్టుండ్రి' అని ఒర్లుకుంట ఉరికిన. ముప్కాల్ దాటిన. మోటర్ సైకిళ్లు ఎనుకవడ్డయి, కార్లు ఎనుకవడ్డయి. చెప్పులు లేవు, నీళ్లు లేవు, ఆగుడు లేదు. గీ వయసుల! గీ కాళ్లతోని ఉరికిన పటేలా, గీ కాళ్లతోని!"

అనుకుంట బూటు కాలును నేల మీద ధన్నుమని కొట్టిండు.

నోరు తెరిసింది తెరిసినట్టే ఉన్నది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. రెండు చేతులతోని బెంచి పట్టుకొని మెల్లగ కూలవడ్డడు.

"ఏ కాలుతోని సేటూ?" అన్నది శంకరమ్మ.

సేటు వంగి గా బూటును చేతితోని కప్పిండు.

"ముల్లు... ముల్లు గుచ్చింది మొన్న," అన్నడు సేటు.

శంకరమ్మ శనగపిండి డబ్బ ఎనుకకెళ్లి ఒక స్టీలు టిఫిన్ తీసి, బెంచి మీద ఆయన ముంగట పెట్టింది. మూత మీద దివ్యశ్రీ అని పేరు చెక్కి ఉన్నది.

"ముల్లు కాదు, పుండు," అన్నది ఆమె. "గింతసేపు ఇన్న సేటూ నీ ముచ్చట. గీ టిఫిన్ తినేది ఎవ్వలో చెప్పు వీళ్లకు. చెప్పవా? నేను చెప్త. నేను తింట! సీజన్ మొదలైన సంది నేనే తింటున్న. రోజు పగటీలి మెల్లగ వచ్చి 'శంకరమ్మా, నాకు ఆకలి లేదు, నువ్వు తినవే' అని పొయ్యి ఎనుక టిఫిన్ పెడుతడు. నా చేతికెళ్లి ఉడుకుడుకు మిర్చీలు పేపర్ల కట్టిచ్చుకొని, యార్డు గోడ ఎనుకకు పోయి తింటడు. పొద్దుమీకి నేను కడిగి పెట్టిన టిఫిన్ ఇంటికి పట్టుకపోతడు. ఖాళీ టిఫిన్ సూసి గా పిల్ల సంబురపడుతది."

"శంకరమ్మా!" అన్నడు సేటు. "నోరు ముయ్యి!"

"ముయ్య! నువ్వు మొత్తం ఆర్మూర్‌ను తిట్టినవ్, నన్ను ఒక్క మాట అననియ్యి. పెద్దమనిషి పెట్టిండు గదా అని తిన్న. పొద్దుగాల చీకట్లనే పొయ్యి ముట్టిస్త, నాకు వండుకునే తీరికేడిది? చాయ్ మీద బతికేదాన్ని. గీ కూర, గీ పప్పు తినుడు మొదలువెట్టినంక నా కాళ్ల తిమ్మిరి పోయింది. 'షుగర్ దిగింది శంకరమ్మా, ఏం తింటున్నవ్' అని దవాఖాన్ల సిస్టరమ్మ అడిగితె నవ్వొచ్చింది నాకు. గని నిన్న ఏమైందో ఎరికేనా సేటూ నీకు?"

సేటు టిఫిన్‌ను పక్కకు నూకిండు, ఆమె మల్ల ముంగటికి జరిపింది.

"నీ కోడలు వచ్చింది ఈడికి. బస్సు దిగి, గా బ్యాగుతోనే. 'అమ్మా, మా మామయ్య ఈడ ఏమన్న తింటున్నడా' అని అడిగింది. 'టిఫిన్ రోజు ఖాళీగనే వస్తున్నది, ఐనా షుగర్ దిగుతలేదు, వేలు నల్లవడ్డది. నా వంటలనే ఏదో తప్పున్నదమ్మా, ఉప్పు తగ్గిచ్చిన, నూనె తగ్గిచ్చిన, ఇంక ఏం తగ్గియ్యాల్నో తెలుస్తలేదు' అని గీ బెంచి మీద కూసోని ఏడ్సింది. గా పిల్ల ఏడుస్తుంటె నా నోట్లె ఏమున్నదో ఎరికేనా? ఆమె జేసిన రొట్టె! గప్పుడే ముక్క పెట్టుకున్న. మింగరాలే, కక్కరాలే. 'తెల్వదు బిడ్డా' అని అబద్ధం ఆడిన. నా బతుకుల గంత సిగ్గు ఎప్పుడు కాలే సేటూ. నీ పుండు నీది, మరి గా పిల్ల ఏడుపు ఎవ్వలది?"

"నా కాలు, నా ఇష్టం!" అని లేసిండు సేటు. గని గా కాలే ఆయన్ని నిలవడనియ్యలే. మల్ల కూసున్నడు. కూసోని, గిసారి చిన్నగ, మాతోని కాదు టిఫిన్‌తోని మాట్లాడినట్టు అన్నడు. "భయమైతున్నది శంకరమ్మా. తీసుడు తీసుడే అనుకున్న. వేలు తీస్తరు, మల్ల పాదం తీస్తరు, మా అన్నకు గట్లనే తీసిండ్రు. ఎట్లయిన తీసేదే ఉంటె గీ గడ్డి ఎందుకు తినాలె, మిర్చి తినన్న సస్త అనుకున్న."

"తప్పకుండ తీస్తనన్లే గా డాక్టర్. షుగర్ దిగకపోతె తీస్తనన్నడు. ఇంకో వారం సూస్తనన్నడు. నీ కోడలే చెప్పింది నాకు. గా వారం గూడ మిర్చీలల్ల పోగొడుతవా?"

ఆమె చెయ్యి సాపి పొయ్యి బంద్ జేసింది. గ్యాసు సప్పుడు ఆగింది.

"సేటు తినేదాంక పొయ్యి ముట్టియ్య. ఎవ్వలకు చాయ్ లేదు, మిర్చి లేదు."

అప్పుడే నలుగురు హమాలీలు వచ్చి చాయ్ అన్నరు. లేదన్నది. రైతులు వచ్చిండ్రు. లేదన్నది. ఎందుకు లేదంటె సేటు దిక్కు సూపిచ్చింది. అందరు ఆయన సుట్టు నిలవడ్డరు. ఆయన చెప్పిన ముచ్చట్ల మూగినట్టే మూగిండ్రు, గని గిసారి ఎవ్వలు 'మాకు గూడ' అనలే.

"తిను సేటూ," అన్నడు రాజేశ్. "బాయిలర్ల నీళ్లు మసులుతున్నయి, నేను పోవాలె." చేతులున్న మిర్చి ప్లేటుల పెట్టి ప్లేటు పక్కకు జరిపిండు.

సేటు అందర్ని గుర్రుగ సూసిండు. ఎవ్వన్నన్న తిడుతడనుకున్న. తిట్టలే. మూత తీసిండు. సగం తోటకూర, మిగిలిన సగంల ఒక పక్క పెసరపప్పు, ఒక పక్క మడిచిన జొన్నరొట్టె. ఆయన చెప్పింది చెప్పినట్టే ఉన్నది. రొట్టె తుంచి, కూర అద్ది నోట్లె పెట్టుకున్నడు. నమిలిండు. మొకం వంకర వెట్టిండు.

"ఉప్పు లేదు!" అని ఒర్లిండు. "జర గూడ ఉప్పు లేదు! గిన్ని దినాలు ఎట్ల తిన్నవే గీ సప్పిడి కూడు?"

శంకరమ్మ అగ్గిపుల్ల గీసి పొయ్యి ముట్టిచ్చింది. మంట సరిజేసుకుంట అన్నది.

"నాకు టిఫిన్ కట్టిచ్చెటోళ్లు ఎవ్వలున్నరు సేటూ? గందుకే తియ్యగనిపిచ్చింది."

సేటు టిఫిన్ అడుగు కనవడెదాంక తిన్నడు.